మూడింటిలో ఒకటవ ప్రతి

డెబ్భై ఒకటి డిసెంబరు. ఒంగోలు కలెక్టరాఫీసులో
రెండు తాళాల గది మాది.
ఒక తాళంచెవి సిరస్తాదారు చెంచురామయ్య గారి మొలతాడుకి,
రెండోది గోడలోని ఇనప్పెట్టెలో.
ఆ ఇనప్పెట్టె తాళంచెవి ఎక్కడుంటుందో నేనడగలేదు.
అడగనందుకే నాకా కుర్చీ ఇచ్చారు.

మొదటిరోజే ఆయన అప్పజెప్పించుకున్న ఎక్కం:
పరిమితం, అంతరంగికం, రహస్యం, అతి రహస్యం.
"మజ్జిగ, పెరుగు, మీగడ, నెయ్యి అనుకో దీనమణీ,
పైకి పోయేకొద్దీ తినేవాళ్ళు తక్కువ."

కవరులో కవరు.
లోపలిదానికి ఎర్రముద్ర, లక్క సీలు.
పైది మాత్రం కరెంటు బిల్లంత అమాయకంగా ఉండాలి.
కార్బన్ కాగితం వెలుతురుకి పడితే
నేను కొట్టిన మాటలన్నీ చిన్నచిన్న కిటికీలై తెరుచుకునేవి,
అందుకని సాయంత్రాలు దఫేదారు మస్తాను
వాటిని పెరట్లో తగలబెట్టి
బూడిదని కూడా పుల్లతో కెలికేవాడు,
బూడిద చదివే శత్రువెవరో గోడవతల ఉన్నట్టు.

ఆ వారం వచ్చిన చిత్తుప్రతి:
చీరాల నుంచి రామాయపట్నం దాకా
ఏ రేవులో ఎన్ని పడవలు,
ఏ రాత్రి నుంచి కట్టెయ్యాలి, ఏ దీపం ఆర్పాలి.
అతి రహస్యం. మూడే ప్రతులు.

ఇంటికెళ్ళేసరికి గుమ్మంలో పోలమ్మ,
కొత్తపట్నం నుంచి కవళ్ళ గంపతో.
"రేపట్నించీ పడవలు కట్టెయ్యమంటారంట గదమ్మే,
దీపం గూడా పెట్టగూడదంట. నిజమేనా?"
అక్కడ లక్క ఇంకా ఆరలేదు.
ఊరందరికీ తెలిసిన సంగతిలో
రహస్యమల్లా ఒక్కటే, నా 'అవును'.
దాన్ని నాలిక కింద పెట్టుకుని
"కవళ్ళు ఎట్టా ఇస్తున్నావు" అన్నాను.

ఆ రాత్రి, దుప్పటి కట్టిన కిటికీ కింద
నా వేళ్ళు వాటంతటవే పొద్దుటి పని మళ్ళీ చేస్తుంటే తెలిసింది:
కొత్తపట్నానికెదురుగా చిత్తులో నలభై తొమ్మిది.
నేను కొట్టింది నలభై ఆరు.
తొమ్మిది నా చేతికింద తలకిందులైంది.
చిత్తు బూడిద, కార్బను బూడిద,
మూడు ప్రతులూ మూడు ఊళ్ళ దారిలో.

పొద్దున్నే "సార్, ఒక అంకె..." అన్నాను.
ఆయన వేలెత్తారు.
"సీలేసిన కాగితంలో ఏముందో నీకు గుర్తుండగూడదు."

యుద్ధం అయిపోయింది.
పని లేని రోజులకి పడవకింతని బియ్యమొచ్చాయి,
జాబితా ప్రకారం.
పోలమ్మ మొగుడూ ఇంకో ఇద్దరూ వరండాలో తువ్వాళ్ళు తీసి నిలబడ్డారు.
"మా మూడు పడవలూ లేవంటయ్యా. ఆ లిస్టొకసారి చూపియ్యండి."
"చూపించేది కాదు" అన్నారు చెంచురామయ్య గారు.
ఆయన అబద్ధమాడలేదు.
"మా పడవని మాకు దాయడమేందయ్యా" అన్నాడు వాయల పోలయ్య,
గోడ సున్నాన్ని చూస్తూ.
నేను కొడుతూనే ఉన్నాను. ఏం కొట్టానో గుర్తులేదు,
అది రహస్యం కూడా కాదు.

ఆ తర్వాత పోలమ్మ దగ్గర బేరమాడలేదు.
ఎందుకో ఆమెకి అంతుబట్టక
ఒక చేప ఎక్కువ వేసేది.

రిటైరైన రోజు అప్పగింతల పట్టీ:
ముద్రలు నాలుగు, తాళంచెవులు రెండు,
రిబ్బన్లు వాడినవి, వాడనివి.
తలలో ఉన్నదానికి గడి లేదు.

మొన్న వేసవిలో రికార్డు రూము నుంచి షాహినా అనే పిల్ల ఫోను.
పాత ఫైళ్ళు స్కాను చేస్తున్నారట,
ఒక కాగితం మూల చిన్న సంతకం ఎవరిదో తేలడం లేదట.
వెళ్ళాను. ఎర్రముద్ర మీద అడ్డగీత,
గీత కింద ఎవరిదో సంతకం, తేదీ.
తుప్పు గుండుసూది చుట్టూ కాగితం గోధుమరంగు తిరిగింది.
కొత్తపట్నం, నలభై ఆరు.

"కె.డి. అంటే మీరేనా అమ్మా?"
"అవును" అన్నాను.
యాభై ఏళ్ళు నాలిక కింద నానిన మాట, ఉప్పగా ఉంది.

పెన్సిలుందా అనడిగాను.
"రికార్డులో ఏమీ రాయకూడదమ్మా" అంది, మెత్తగానే.

ఆ పిల్ల మిషను వైపు తిరిగినప్పుడు
కాగితాన్ని తలకిందులు చేసి
ఆరుని ఒక్కసారి తొమ్మిదిగా చదువుకుని
మళ్ళీ మామూలుగా పెట్టేశాను.